ఆకాశం ఫొటోలు: తీసేవాళ్లూ చూసేవాళ్లూ తరచుగా అడిగే ప్రశ్నలు

రాత్రి ఆకాశాన్ని ఫొటోలు తీయడం మొదలుపెట్టి నాకు చాలా ఏళ్లయింది. ఎవరికి ఏ ఫొటో చూపించినా మొదట వచ్చే ప్రశ్న "ఇది నిజమేనా?" ఆ వెంటనే వచ్చేది "ఏ కెమెరా?" మొదటిదానికి జవాబు పెద్దది, రెండోదానికి చిన్నది. అందుకే ఇక్కడ కొన్ని జవాబులు సాగుతాయి, కొన్ని రెండు ముక్కల్లో తేలిపోతాయి.

ఫొటోలో గులాబీ రంగులో మెరిసిపోతున్న నీహారిక, టెలిస్కోపులో చూస్తే బూడిద మచ్చలా ఉంది. ఇందులో ఏది నిజం?

రెండూ నిజమే. తేడా ఆకాశంలో లేదు, మన కంట్లో ఉంది. కంట్లో రంగులు పట్టే కణాలు వేరు, మసక వెలుతురులో పనిచేసే కణాలు వేరు. చీకటి పడ్డాక డ్యూటీ ఎక్కేవి రెండో రకం. వాటికి రంగుల తేడా తెలియదు. ముదురు ఎరుపైతే వాటికి దాదాపు కనిపించనే కనిపించదు. నీహారికలంటే అంతరిక్షంలోని వాయువు, ధూళి మబ్బులు. వాటిలో ఎక్కువగా ఉండేది హైడ్రోజన్. అది వెలిగినప్పుడు వచ్చే ముఖ్యమైన వెలుగు సరిగ్గా ఆ ముదురు ఎరుపే, 656 నానోమీటర్ల దగ్గర. అంటే నీహారిక తన అసలు రంగు చూపిస్తూనే ఉంది, మనకే అందడం లేదు.

ఇంకో సంగతి. కన్ను వెలుగును దాచుకోలేదు. వచ్చిన వెలుగును వచ్చినట్టే చూసి వదిలేస్తుంది, మరుక్షణం మళ్లీ మొదటికి వస్తుంది. కెమెరా అలా కాదు. ఐదు నిమిషాలు తెరిచి ఉంచితే ఐదు నిమిషాల వెలుగూ చూరు కింద పెట్టిన బిందెలో వాన నీళ్లలా చేరుతుంది.

పెద్ద టెలిస్కోపులో మృగశిర దగ్గరున్న ఓరియన్ నీహారికను చూసినవాళ్లు లేత ఆకుపచ్చ ఛాయ కనిపించిందని చెబుతారు. అది భ్రమ కాదు. అక్కడి ఆక్సిజన్ వెలుగు 500 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. మసకలో మన కన్ను బాగా పట్టేది ఆ ప్రాంతాన్నే. అలా ఒకే నీహారికలోని ఆక్సిజన్ కంటికి అందుతుంది, హైడ్రోజన్ కెమెరాకు అందుతుంది.

మరి హబుల్, వెబ్ అనే అంతరిక్ష టెలిస్కోపుల ఫొటోల్లో కనిపించే బంగారు, నీలి రంగులు?

అవి కేటాయించిన రంగులు. 1995లో హబుల్ తీసిన ఆ ప్రసిద్ధమైన ధూళి స్తంభాల ఫొటోలో గంధకం వెలుగుకు ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం ఇచ్చారు. నిజానికి గంధకం, హైడ్రోజన్ రెండూ ఎరుపే. రెండింటినీ ఎరుపుగానే ఉంచితే ఏది ఎక్కడుందో తెలియదు కాబట్టి విడదీశారు. మ్యాపులో ఒక్కో రాష్ట్రానికి ఒక్కో రంగు వేసినట్టు అనుకోండి. ఆ రంగులు నేల మీద ఉండవు, అలాగని మ్యాపు అబద్ధమూ కాదు. వెబ్ టెలిస్కోపు చూసేది ప్రధానంగా పరారుణ కాంతిని, అది కంటికి కనిపించనే కనిపించదు. అందులో పొడుగు తరంగాలకు ఎరుపు, పొట్టివాటికి నీలం ఇస్తారు. ఈ సంగతి ఫొటో కింద రాస్తే పేచీ లేదు. రాయకుండా "అంతరిక్షం ఇలాగే ఉంటుంది" అనడమే తప్పు.

అలాంటి టెలిస్కోపులు ఉండగా మనం తీయడం ఎందుకు?

ఈ ప్రశ్న వేసేవాళ్లు హబుల్ అన్నిటినీ చూస్తుందని అనుకుంటారు. అది చూసేది గడ్డిపరక సందులోంచి చూసినంత మేర. ఆండ్రోమెడా గెలాక్సీ ఆకాశంలో దాదాపు మూడు డిగ్రీల పొడుగుంటుంది, అంటే ఆరు నిండు చందమామలను పక్కపక్కన పేర్చినంత. దాన్ని మొత్తంగా చూపించడానికి హబుల్ పదేళ్లకు పైగా తీసిన దాదాపు 600 ముక్కలను అతికించి 2025లో విడుదల చేశారు. అందులో ఒక్కో నక్షత్రం విడిగా కనిపిస్తుంది, ఆ వివరం మనకు కలలో కూడా రాదు. కానీ మొత్తం గెలాక్సీ ఒక్క ఫ్రేములో కావాలంటే 200 మిల్లీమీటర్ల మామూలు లెన్సు చాలు.

అదే ఆండ్రోమెడా విషయంలో ఔత్సాహికులు చేసిన పని చూడండి. యాన్ సైంటీ, మార్సెల్ డ్రెక్స్‌లర్, జేవియర్ స్ట్రాట్‌నర్ అనే ముగ్గురు, వృత్తి శాస్త్రవేత్తలతో కలిసి, గెలాక్సీ పక్కన ఆక్సిజన్ వెలుగులో ఒక పెద్ద నీలి చాపం ఉందని 2023 జనవరిలో ప్రకటించారు. ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువగా ఫొటోలు తీసిన గెలాక్సీల్లో అదొకటి. అయినా ఆ చాపం అప్పటిదాకా ఎవరి కంటా పడలేదు. దాన్ని పట్టింది పెద్ద అద్దం కాదు. ఒకే వస్తువు మీద ఆక్సిజన్ ఫిల్టర్ పెట్టి గంటలకు గంటలు వెలుగు పోగుచేసిన ఓపిక అది. పెద్ద టెలిస్కోపుల దగ్గర లేనిదే అంత తీరిక.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. 2009 జులైలో గురుగ్రహం మీద కొత్తగా ఒక నల్లమచ్చ పడింది, ఏదో వచ్చి ఢీకొట్టిందని మొదట గమనించింది ఆస్ట్రేలియాలో ఆంథొనీ వెస్లీ అనే ఔత్సాహికుడు. 2016 సెప్టెంబరులో అర్జెంటీనాకు చెందిన విక్టర్ బూసో కొత్త కెమెరాను పరీక్షిద్దామని ఒక గెలాక్సీ వైపు తిప్పితే, ఒక నక్షత్రం పేలడం మొదలైన క్షణాలు అందులో పడ్డాయి. అదృష్టమే, కాదనను. కానీ ఆ రాత్రి ఆయన మేలుకుని ఉన్నాడు కదా.

మొబైల్‌తో వీలవుతుందా?

అవుతుంది. ట్రైపాడ్ మాత్రం తప్పదు. ఫోన్‌ను చేత్తో నొక్కకుండా టైమర్ పెట్టండి. పాలపుంత, కృత్తికల గుంపు, ప్రకాశవంతమైన తోకచుక్కలు వస్తాయి. కొన్ని ఫోన్లలో నక్షత్రాల కోసమే మోడ్ ఉంటుంది. అది చాలా ఎక్స్‌పోజర్లు తీసి తనే కలుపుతుంది. చందమామ మాత్రం ఫోన్‌లో తెల్లటి బొట్టులా వచ్చి నిరాశపరుస్తుంది. ఫోన్ లెన్సును టెలిస్కోపులో మనం కన్ను పెట్టే చిన్న కటకం, అంటే ఐపీస్‌కు ఆనించి తీస్తే అదే చందమామ మీ నోరు తెరిపిస్తుంది.

మొదట ఏది తీయాలి?

చందమామే. అందరూ పౌర్ణమి కోసం ఎదురుచూస్తారు, కానీ ఫొటోకు పౌర్ణమి అంత బాగోదు. ఎండ నేరుగా పడటంతో నీడలు ఉండవు, అంతా చదునుగా కనిపిస్తుంది. సప్తమి, అష్టమి ప్రాంతంలో తీయండి. వెలుగూ చీకటీ కలిసే గీత దగ్గర బిలాల అంచులు లేస్తాయి, కొండ శిఖరం మీద మాత్రమే ఎండ పడి చీకట్లో చుక్కలా మెరుస్తుంది. అలాంటి ఒక్క చుక్క మీద అరగంట కన్నేసి ఉంచితే అది మెల్లగా పెద్దదవడం కనిపిస్తుంది. అంటే మీరు చూస్తున్నది అక్కడి సూర్యోదయాన్ని.

చందమామకు లాంగ్ ఎక్స్‌పోజర్ పెట్టకండి. అది ఎండ పడుతున్న రాయి. పగటి వెలుతురులో బండరాయిని తీసినట్టే తీయాలి. లెన్సు రంధ్రం ఎఫ్/11, సెన్సర్ సున్నితత్వం ఐఎస్ఓ 100 అయితే షట్టర్ సెకనులో నూరో వంతు, అక్కడి నుంచి సవరించుకోవచ్చు.

షట్టర్ ఎన్ని సెకన్లు తెరిచి ఉంచవచ్చు?

భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి ఎక్కువసేపు తెరిస్తే నక్షత్రాలు గీతలవుతాయి. పాత లెక్క ఒకటుంది: 500ను లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో భాగించండి. 24 మిల్లీమీటర్లకు 20 సెకన్లు, 50కి 10 సెకన్లు. సెన్సర్ చిన్నదైతే ఇంకా తక్కువ. ఇప్పటి ఎక్కువ మెగాపిక్సెళ్ల కెమెరాలకు 500 బదులు 300 వేసుకోవడం మేలని నా అనుభవం. ఆ పరిమితి దాటాలంటే ఆకాశంతో పాటు కెమెరాను తిప్పే ట్రాకర్ కావాలి.

ఒకే వస్తువును వందల ఫొటోలు ఎందుకు తీస్తారు?

ఈ హాబీ గుట్టంతా ఇక్కడే ఉంది, కాబట్టి కాస్త ఓపిగ్గా చెబుతాను.

ఆండ్రోమెడాను తీసిన ఒక్క 20 సెకన్ల ఫొటోను పెద్దది చేసి చూడండి. ఇసుక చల్లినట్టు గరుకుగా ఉంటుంది. అదే నాయిస్. అది ప్రతి ఫొటోలోనూ వేరేచోట పడుతుంది. గెలాక్సీ మాత్రం ప్రతి ఫొటోలోనూ ఉన్నచోటే ఉంటుంది. ఫొటోలన్నిటినీ నక్షత్రాలు కలిసేలా ఒకదానిమీద ఒకటి పేర్చి సగటు తీస్తే ఇసుక చదునవుతుంది, గెలాక్సీ నిలుస్తుంది. దీన్నే స్టాకింగ్ అంటారు. నాలుగు ఫొటోలు కలిపితే నాణ్యత రెండింతలు, వంద కలిపితే పదింతలు. ఇంకో రెండింతలు కావాలంటే మళ్లీ నాలుగింతల సమయం పెట్టాలి. అందుకే మొదటి గంటలో వచ్చే తేడా పదో గంటలో కనిపించదు. మధ్యలో ఉపగ్రహమో విమానమో గీత గీసినా ఫర్వాలేదు. మిగతావాటిలో లేనిది ఒక్క ఫొటోలోనే ఉంటే సాఫ్ట్‌వేర్ దాన్ని తీసి పక్కన పెడుతుంది.

స్టాకింగ్ అయ్యాక తెర మీద కనిపించేది దాదాపు నల్లటి చతురస్రం, అందులో నాలుగైదు చుక్కలు. కొత్తవాళ్లు ఇక్కడే "రాత్రంతా వృథా" అని టెన్షన్ పడిపోతారు. ఆగండి. వెలుగంతా అందులోనే ఉంది, ఫొటోలోని వెలుగుల లెక్క చూపే గ్రాఫులో ఎడమ మూల సన్నటి గుట్టలా ఇరుక్కుని. కర్వ్‌ను, అంటే సాఫ్ట్‌వేర్‌లో వెలుగును సవరించే గీతను, పట్టుకుని కొంచెం పైకి లాగండి. మొదట ఆకాశం గోధుమ రంగుకు తిరుగుతుంది. ఇంకొంచెం లాగితే మధ్యలో ఒక మసక గుడ్డు. ఆకాశాన్ని కిందికి దించి మళ్లీ లాగితే ఆ గుడ్డు చుట్టూ పల్చటి పళ్లెం విచ్చుకుంటుంది, ఆ తర్వాత పళ్లెం అంచున ఒక నల్లటి చార. ఆ చార గెలాక్సీలోని ధూళి. ఆ వెలుగు బయల్దేరి దాదాపు 25 లక్షల ఏళ్లయింది. చేతిలో మౌస్ పట్టుకుని ఒక్క నిమిషం అలాగే ఉండిపోతారు. నేను ఇప్పటికీ ఉండిపోతాను.

డీప్‌స్కైస్టాకర్, సిరిల్ అనే స్టాకింగ్ సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి, బాగా పనిచేస్తాయి. ఫొటోలు మాత్రం రా ఫార్మాట్‌లో తీయండి. జేపెగ్‌లో తీస్తే ఆ ఎడమ మూల గుట్టలో సగం కెమెరాయే పారేస్తుంది.

డార్కులు, ఫ్లాట్లు అంటే?

మూత పెట్టి, అదే సమయం, అదే ఐఎస్ఓతో తీసినవి డార్కులు. వాటిలో సెన్సర్ సొంత దోషాలే ఉంటాయి, అసలు ఫొటోల్లోంచి వాటిని తీసివేస్తారు. సమానంగా వెలిగే తెల్లటి తలం వైపు తీసినవి ఫ్లాట్లు. లెన్సు మూలల్లోని చీకటి, సెన్సర్ మీది దుమ్ము మరకలు వాటితో పోతాయి. ఒకసారి మూత తీయడం మరిచి నలభై నిమిషాలు నడిపాను. ఆ రాత్రికి డార్కులు మాత్రం దివ్యంగా కుదిరాయి.

టెలిస్కోపు ముందు కొనాలా, మౌంట్ ముందా?

మౌంట్, అంటే టెలిస్కోపును మోసి తిప్పే స్టాండు. వణికే మౌంట్ మీద ఎంత గొప్ప టెలిస్కోపైనా దండగ. అసలు మొదటి ఏడాది రెండూ వద్దు. ఉన్న కెమెరా, ఉన్న లెన్సు, ఒక ట్రైపాడ్ చాలు.

నగరం వెలుతురులో ఏమైనా వస్తుందా?

చందమామ, గ్రహాలు, జంట నక్షత్రాలు ఎక్కడి నుంచైనా ఒకేలా వస్తాయి. గ్రహాలకు కావలసింది చీకటి కాదు, నిశ్చలమైన గాలి. అందుకే వాటిని వీడియో తీసి, వేల ఫ్రేముల్లో గాలి కుదురుగా ఉన్న క్షణాలనే ఏరి కలుపుతారు. నీహారికలకు సన్నటి పట్టీ ఫిల్టర్లు ఉన్నాయి, హైడ్రోజన్ వెలుగును లోపలికి రానిచ్చి వీధిదీపాలను ఆపేస్తాయి.

గెలాక్సీలకు, పాలపుంతకు మాత్రం ఉపాయం లేదు, చీకటి చోటికి వెళ్లాల్సిందే. చీకటిని కొలవడానికి జాన్ బార్టిల్ 2001లో ఇచ్చిన 1 నుంచి 9 దాకా స్కేలు వాడతారు. 1 అంటే కటిక చీకటి, 9 అంటే మహానగరం నడిబొడ్డు. వెళ్లేది అమావాస్యకు దగ్గర రోజుల్లో వెళ్లండి. కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఎవరైనా ఫోన్ వెలిగించారంటే మళ్లీ మొదటికే. ఎర్ర టార్చి వాడేది అందుకే.

ఫోకస్ కుదరడం లేదు.

ఆటోఫోకస్ ఆపేయండి. లెన్సు మీది అనంతం గుర్తును నమ్మకండి. కెమెరా తెర మీది లైవ్ వ్యూలో లుబ్ధకుడి లాంటి ప్రకాశవంతమైన నక్షత్రాన్ని పదింతలు పెద్దది చేసి, అది అతి చిన్న చుక్క అయ్యేదాకా మెల్లగా తిప్పండి. అర్ధరాత్రి మరోసారి చూడండి, చలికి మారుతుంది. నక్షత్రాలు ఒక్కసారిగా ఉబ్బాయంటే ఫోకస్‌ను తిట్టేముందు లెన్సును చూడండి. మంచు పట్టి ఉంటుంది. నా మొదటి ట్రాకర్ రాత్రికి ఆదిలోనే హంసపాదు దానివల్లే.

సూర్యుణ్ని తీయవచ్చా?

లెన్సు ముందు భాగాన సూర్యుడి కోసమే చేసిన ఫిల్టర్ ఉంటేనే. ఐపీస్ వైపు బిగించే చిన్న ఫిల్టర్లు వేడికి పగులుతాయి, కన్ను పోతుంది. దీనికి మినహాయింపు సంపూర్ణ గ్రహణంలో సూర్యుడు పూర్తిగా మూసుకుపోయిన ఆ కొద్ది నిమిషాలే.

ఇంత ప్రాసెసింగ్ చేయడం మోసం కాదా?

గోరంతను కొండంత చేసి చూపించడం ప్రాసెసింగ్. గోరంత కూడా లేనిచోట కొండను నిలబెట్టడం మోసం. కర్వ్ లాగడం, నాయిస్ తగ్గించడం, రంగు సరిచేయడం మొదటి కోవలోకి వస్తాయి. వేరే ఊళ్లో తీసిన పాలపుంతను తెచ్చి ఈ గుడి వెనక అతికించి "ఒకే షాట్" అనడం రెండోది. అతికించడం తప్పని నేను అనను, చెప్పకపోవడం తప్పు. ఈ మధ్య ఏఐ పనిముట్లతో గీత మసకబారింది. కొన్ని నాయిస్‌ను తీయడంతో ఆగక, లేని తీగలను అల్లేస్తున్నాయి. నా పద్ధతి ఒకటే: కొత్త వివరం కనిపిస్తే, ప్రాసెస్ చేయని స్టాక్‌లో దాని ఆనవాలు ఉందేమో వెతుకుతాను. లేకపోతే తీసేస్తాను.

ఫొటో నకిలీదని ఎలా పట్టుకోవాలి?

నెలవంక కొమ్ముల మధ్య నక్షత్రం ఉంటే నకిలీ. అక్కడ ఖాళీ లేదు, చందమామ నల్లటి భాగం ఉంది. వైడ్ లెన్సు దృశ్యంలో కొండంత చందమామ ఉంటే నకిలీ. దూరం నుంచి పెద్ద లెన్సుతో తీస్తే చందమామ కట్టడం కన్నా పెద్దగా రావడం మాత్రం నిజమే, అప్పుడు చెట్లు, ఇళ్లు కూడా ఆ లెక్కలోనే దగ్గరగా నొక్కుకుపోయి ఉంటాయి.

నేను ఫొటోలు తీయను, చూస్తానంతే. బాగా చూడటం ఎలా?

నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రశ్న ఇది. ఫోన్‌లో వేలితో తోసేయకుండా ఒక్క ఫొటోను పెద్ద తెర మీద పూర్తి సైజులో తెరవండి. మాటవరసకు కృత్తికల ఫొటో తీసుకుందాం. ముందు నక్షత్రాలను వదిలేసి వాటి చుట్టూ ఉన్న నీలి పొగను చూడండి. దువ్వెనతో దువ్విన జుట్టులా సన్నటి పోగులుంటాయి. అది ఆ నక్షత్రాలు పుట్టిన మబ్బు అని ఒకప్పుడు అనుకునేవారు. కాదు. ఆ గుంపు తన దారిన పోతూ మధ్యలో ఎదురైన ధూళిలోంచి వెళుతోంది, నీలి వెలుగు దానిమీద పడి చెదురుతోంది. ఆ పోగులు వెలుగుతున్న మబ్బులు కావు, దీపం ముందు ఆడే దుమ్ము.

తర్వాత నక్షత్రాలకు కొమ్ములున్నాయా చూడండి. నాలుగు కొమ్ములుంటే అద్దం టెలిస్కోపు, లోపలి చిన్న అద్దాన్ని పట్టుకునే నాలుగు కమ్మీలవల్ల వస్తాయి. కొమ్ములు లేకపోతే చాలావరకు కటకం టెలిస్కోపు. ఆరు పెద్దవి ఉంటే వెబ్. ఇక నక్షత్రాల మధ్య గుండ్రంగా లేని, కొమ్ములు లేని చిన్న మరకలు వెతకండి. అవి గెలాక్సీలు. ఎవరూ వాటికోసం తీయలేదు, ఫ్రేములో పడ్డాయంతే.

చివరగా నల్లగా ఉన్న చోట్లు. అక్కడ ఏమీ లేదనుకోకండి. గుర్రం తల నీహారికను 1888లో ఒక ఫొటో ప్లేటు మీద గుర్తించింది హార్వర్డ్‌లో పనిచేసిన విలియమినా ఫ్లెమింగ్. వెనకనున్న వెలుగును ఆపుతున్న ధూళి అది. ఫొటో తీసింది వేరొకరు, చూసింది ఆమె. 2007లో ఇంటర్నెట్‌లో గెలాక్సీల ఫొటోలను వర్గీకరించడానికి కూర్చున్న డచ్ టీచర్ హానీ వాన్ ఆర్కెల్ కూడా అంతే. "ఈ నీలి మరక ఏమిటి?" అని అడిగారు. అప్పటిదాకా ఎవరూ ఎరగని రకం వస్తువని తేలింది, ఆమె పేరే పెట్టారు.

కెమెరా లేకుండా ఫొటో తయారుచేయవచ్చా?

చేయవచ్చు. 2016లో గురుగ్రహాన్ని చేరిన జూనో నౌకలోని జూనోక్యామ్ అనే కెమెరా తీసిన ముడి ఫొటోలు అందరికీ అందుబాటులో ఉన్నాయి. మనం చూసే సుడుల ఫొటోల్లో చాలావాటిని ఔత్సాహికులే ప్రాసెస్ చేశారు. హబుల్, వెబ్ డేటా కూడా ఆర్కైవుల్లో ఉచితం. వానాకాలానికి చక్కటి కాలక్షేపం.

ఎవరి ఫొటోనైనా షేర్ చేయవచ్చా?

నాసా సొంత చిత్రాలకు సాధారణంగా కాపీరైట్ ఉండదు, మూలం చెబితే సరిపోతుంది. చిక్కు ఒకటుంది. 1995 జూన్ 16 నుంచి రోజుకొకటి చొప్పున వస్తున్న నాసా "ఈరోజు ఖగోళ చిత్రం"లో చాలా ఫొటోలు వ్యక్తులవి, హక్కులు వాళ్లవే. నాసా సైటులో ఉంది కదా అని వాడేయకూడదు. ఎవరిదో తెలియకపోతే షేర్ చేయకండి. ముప్పై గంటలు మేలుకుని తీసిన ఫొటో కింద మూలనున్న పేరు కత్తిరించి ఉంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

నా ఫొటో పంచుకునేటప్పుడు ఏం రాయాలి?

వస్తువు పేరు, మొత్తం ఎక్స్‌పోజర్, లెన్సు, ఫిల్టర్లు, ఆకాశం ఎలాంటిది, రంగులు ఎలా కేటాయించారు, ఏమైనా అతికించారా. ఐదారు లైన్లు. చూసేవాళ్లకు అది పాఠం, ఏడాది తర్వాత మీకే గుర్తుండదు కాబట్టి మీకూ.

ఇతరుల ఫొటోల ముందు నాది వెలవెలబోతోంది. మానేయాలా?

నీహారికను మొదటిసారి ఫొటో తీసింది హెన్రీ డ్రేపర్, 1880 సెప్టెంబరు 30న. ఓరియన్ నీహారిక మీద 51 నిమిషాలు ఎక్స్‌పోజర్ ఇస్తే నడిమి భాగం మాత్రం మసగ్గా వచ్చింది. మూడేళ్లకు ఆండ్రూ కామన్ అనే ఇంజినీరు తన ఇంటి పెరట్లో తీసిన ఫొటోలో కంటికి కనిపించని నక్షత్రాలు కూడా పడ్డాయి. ఇప్పుడు మీరు పోల్చుకుంటున్నది పదేళ్ల అనుభవం, నలభై గంటల ఎక్స్‌పోజర్ ఉన్నవాళ్లతో.

ఎవరితోనో వద్దు, అదే వస్తువును ఏడాదికోసారి తీసి పక్కపక్కన పెట్టుకోండి. నా దగ్గర ఆండ్రోమెడావి ఆరు ఉన్నాయి. మొదటిదాంట్లో ఫోకస్ తప్పి గెలాక్సీ, నక్షత్రాలు ఒకే సైజు. రెండోదాంట్లో మంచు. మూడోది బాగానే ఉండేది, నేనే రంగు ఎక్కించి పాడుచేశాను. నాలుగోదాంట్లో పక్కనున్న రెండు చిన్న గెలాక్సీలు విడివిడిగా వచ్చాయి. ఐదోదాన్ని ప్రింటు తీసి గోడకు పెట్టాను. ఆరోది ఇంకా అయిపోలేదు, నిన్న రాత్రి కూడా ఆ నల్ల చారను కొంచెం దించి, కొంచెం ఎత్తి చూశాను.